అన్నం తిన్న గంటకు

కొత్తపాలెం,
12-7-1976

ప్రియమైన దానమ్మకు,

నిన్న చర్చి ఆరాధనలో పాస్టరు అయ్యగారు నాకు ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇవ్వలేదు. నా నోట్లోంచి సారా వాసన వస్తోందట. స్కూల్లోనూ ఇదే గొడవ. టైఫాయిడ్ తిరగబెట్టి మూడు నెలలు మాత్రలు మింగినప్పటి నుంచీ ఇంతే. అన్నం తిన్న గంటకల్లా కళ్లు తిరుగుతాయి, మాట తడబడుతుంది. చుక్క ముట్టలేదు. మన ఎలిజబెత్ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. నువ్వు నర్సువి. నువ్వయినా నమ్ము.

నీ
జాన్‌బాబు


భవానీపురం,
16-7-1976

ప్రియమైన ఎలిజబెత్ నాన్నగారికి,

మా వార్డులో తాగుబోతులకు లోటు లేదు. అందరూ పిల్లల మీదే ఒట్లు వేస్తారు. బిడ్డను నా దగ్గరికి తెచ్చుకుంటున్నాను. మీరు కంకిపాడులో మా అమ్మ దగ్గరికి వెళ్లండి. పదిరోజులు గదిలో ఉంచి తాళం వేస్తుంది. చలవ చెయ్యడానికి మూడు పూటలా చద్దన్నం, బెల్లం పానకం ఇస్తుంది. అప్పటికీ వాసన వస్తే బిడ్డ మొహం చూడొద్దు. అందాకా మీ పాఠాలు మా తమ్ముడు జక్కయ్య చెబుతాడు.

మీ మేలు కోరే
దానమ్మ


కంకిపాడు,
27-7-1976

ప్రియమైన దానమ్మకు,

తొమ్మిది రోజులుగా బయట తాళమే. అయినా తూలుతున్నాను. అత్తయ్యగారు పరుపు చింపి మరీ వెతికారు. సీసా దొరకలేదు. “ఎక్కడ దాచారో చెప్పండి బావగారూ” అంటూ ఆదివారం వచ్చిన జక్కయ్య బెల్టుతో కొట్టాడు. గారు అనడం మాత్రం మానలేదు. మధ్యలో జ్వరమొచ్చి రెండు రోజులు ఏమీ తినలేదు. ఆ రెండు రోజులూ తల తేటగా ఉంది, వాసన లేదు. మళ్లీ అన్నం తిన్నాను, మళ్లీ పడిపోయాను. ఈ ఒక్క సంగతి మీ డాక్టరుగారికి చెప్పు. దండం పెడతాను. బిడ్డ మీద బెంగగా ఉంది.

నీ
జాన్‌బాబు


భవానీపురం,
5-8-1976

ప్రియమైన ఎలిజబెత్ నాన్నగారికి,

డాక్టరుగారిని అడిగాను. మీరు చెప్పింది నిజమే. కల్లును పులియబెట్టే బూజులాంటిదే మీ పేగుల్లో పెరిగి, తిన్న అన్నాన్ని సారా చేస్తోందట. జపాన్‌లో ఇలాంటి రోగులున్నారని ఆయన చదివారట. మందు పంపుతున్నాను. అన్నం, బెల్లం మానేసి గుడ్లు, చేపలు తినండి.

ఈ మాట మన మధ్యే ఉండనివ్వండి. అన్నం తింటే మత్తెక్కిందంటే ఎవరు నమ్ముతారు? జక్కయ్యకు మీ ఉద్యోగం ఖాయం చేశారు. వాడు కొట్టాడనీ, అమ్మ తాళం వేసిందనీ అందరికీ తెలుసు. ఇప్పుడు తప్పు మాదని నేనెలా చెప్పను? సంఘం ముందు నిలబడి, తాగాను, మానేశాను అని సాక్ష్యం చెప్పండి. చెబితే బిడ్డను పంపుతాను.

మీ
దానమ్మ


కొత్తపాలెం,
23-8-1976

దానమ్మకు,

మందు పనిచేసింది. నిన్న సాక్ష్యం చెప్పాను. అందరూ హల్లెలూయా అన్నారు. అయ్యగారు కౌగిలించుకుని బల్ల ఇచ్చారు. నువ్వు జక్కయ్యతో పంపిన ఎలిజబెత్ ముందు వరసలో కూర్చుని అంతా విన్నది. బయటికొచ్చాక చెయ్యి చాపితే పట్టుకోలేదు.

“అయితే నా తల మీద దొంగ ఒట్టు వేశావా నాన్నా?” అని అడిగింది.

అవునన్నాను.

జాన్‌బాబు