గేటు దగ్గర నా బొమ్మ

శుక్రవారం

రెండేళ్లు ఎమ్మెస్సీ చదివితే మా కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసు నా బయోడేటాలో మార్జిన్లు సరిచేసింది, అంతే. రేణిగుంట గోడౌనులో బస్తాలు లెక్కబెట్టే ఈ పని మామ చెబితే దొరికింది. పోయిన వారం ఆ ఆఫీసు సారు తనంతట తానే ఫోన్ చేశాడు.

"ఉద్యోగం వచ్చిందంట కదప్పా, ఫోటో పంపు."

"మీరు ఇప్పించింది కాదు కదా సార్?"

"ఎవురిప్పిస్తే ఏమబ్బా, మా పిల్లోడివే కదా!"

పీడ వదులుతుందని పంపాను. ఎంత తెలివితక్కువ పని!

ఈ రోజు నాయన నగరి నుంచి తిరుపతికి వచ్చాడు. ఎదురింటి మగ్గాలాయన కూతురికి మా కాలేజీ చూపించాలట. గేటు దగ్గరి నుంచే నాకు ఫోన్.

"ఒరే, ఫ్లెక్సీలో నీ బొమ్మ నిలువెత్తు ఏసినారు రా! కింద ఆఫీసరు అని ఉండాది. నాతో బస్తాలు లెక్కబెడతా అంటివే, దొంగోడా!"

నేను నోరు తెరిచేలోపల ఆ పిల్ల ఫోన్ తీసుకుంది.

"అన్నా, ఈడ చేరితే వీళ్లే ఉద్యోగం ఇప్పిస్తారా?"

వెనక నాయన నవ్వు వినబడుతూనే ఉంది.

"ఇప్పిస్తారమ్మా" అన్నాను.

సోమవారం చేరుతుందట. ఆలోపల ఆ పిల్లకు నిజం చెప్పాలి. ఆమె నంబరు నా దగ్గర లేదు. నాయననే అడగాలి.