మా తిమ్మప్ప అలగలేదు

వడ్డేపల్లి వదినగారికి గద్వాల నుంచి నమస్కారాలు.

కొత్త అల్లునికి సైకిల్ కొనడం కోసం అన్నయ్యగారు పాలిచ్చే బర్రెను అయిజ సంతకు తోలబోతున్నారని విన్నాను. దయచేసి ఆపండి. మొన్న మీ ఇంట్లో మా తిమ్మప్ప భోజనానికి పీట మీద కూర్చోనిది అలిగి కాదు, తొడుక్కున్న కొత్త పట్లాం వంగక.

అది మందపు జీను గుడ్డ. మామూలు గుడ్డకు రెండింతల ధర. ముక్క తెచ్చి, తడిపి ఆరబెట్టి, కుంచించుకుపోదని చూశాకే కొన్నాను. అయితే దర్జీ మా తిమ్మప్పను నిలబెట్టే కొలిచాడు, కూర్చోబెట్టి చూడలేదు. "జర వదులుగ కుట్టు" అని నేనంటే, "పట్నంల అందరు బిగ్గనే తొడుగుతరమ్మా, నీకు తెల్వదు" అని తిమ్మప్పే అడ్డం పడ్డాడు.

మీ పీట దగ్గర సగం వంగేసరికి వెనక కుట్టు పటుక్కుమందట. మీరేమో, "అల్లుడు అలిగిండు! ఏం గావాలె బిడ్డా, సైకిలా?" అని బతిమాలారు. అంతమంది ఆడవాళ్ళ ముందు ఏమని చెబుతాడు? గోడకు వీపు ఆనించి నిలబడిపోయాడు.

గుడ్డకు పెట్టిన డబ్బు మాత్రం దండుగ కాలేదు. తెగింది దారమే, గుడ్డ చెక్కుచెదరలేదు. కుట్లు విప్పించి వదులు చేయించాను. పీట మీద కూర్చోబెట్టి, రెండుసార్లు మారు వడ్డించి మరీ చూశాను. ఇక భయం లేదు.

సైకిల్ మాట చెవిన పడ్డప్పటి నుంచి వాడు, "నేను నిజంగనే అలిగిననే అమ్మా" అంటున్నాడు. మీరు నమ్మకండి.

మీ వదిన