రెండో అంతస్తు క్లాసు

జూన్ 12, గురువారం
చిక్కడపల్లిలో మా మహిత స్కూల్ తెరిచారు. తొమ్మిదో తరగతి రెండో అంతస్తులోనట. పిల్లకు కండరాల జబ్బు, వీల్‌చెయిర్ లేనిదే కదలదు, అన్నీ తెలిసీ వేసవంతా ఒక్క మాట చెప్పలేదు. క్లాసు కిందికి మార్చమన్నాను. కింద నర్సరీ ఉందని, అడ్మిషన్లకు వచ్చేవాళ్లకు అదే కనబడాలని ప్రిన్సిపల్ స్నేహలత మేడమ్ అంది. ఆయా ఎత్తుకుని పైకి తీసుకుపోతుందట. పద్నాలుగేళ్ల పిల్లను! ఒళ్లు మండిపోయింది.

జూన్ 14
ఇంట్లోనే చదివించుకుని పరీక్షలకు తీసుకురమ్మని స్కూల్ నుంచి ఫోన్. పెట్టేశాను.

జూన్ 22, ఆదివారం
దోమలగూడలో ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రుల మీటింగ్. నడిపేది ఫణికిరణ్. అతనిదీ వీల్‌చెయిరే. ఏడుస్తానేమో అనుకున్నాను, తిట్లే వచ్చాయి. "అక్కా, బతిమిలాడకు. ఇది మా హక్కు అని రాయి. ఒక కాపీ డీఈవో ఆఫీసుల ఇయ్యి" అన్నాడు. చట్టం పేరూ చెప్పాడు. సాయంత్రం అశోక్‌నగర్‌లో నా జిరాక్స్ షాపు తెరిచి అర్జీ నేనే ప్రింట్ తీసుకున్నాను.

జులై 3
అర్జీ అందాక పిల్లను కిందే కూర్చోబెడతామన్నారు, గెలిచామనుకున్నాను. నా మొహం! కింద ఆటసామాన్ల గదిలో మహితను ఒక్కదాన్నే కూర్చోబెట్టి ఒక టీవీ పెట్టారు. పైన క్లాసు అందులో కనబడుతుంది. వాళ్లకు మాత్రం పిల్ల కనబడదు. డౌట్ ఉంటే చీటీ రాసి ఆయాకివ్వాలి. సౌకర్యం కల్పించామని డీఈవోకు జవాబు కూడా పంపారు. థూ.

జులై 9
టీవీలో క్లాసంతా నవ్వుతుందట, ఎందుకో దానికి తెలియదట. అంతే చెప్పి అటు తిరిగి పడుకుంది.

జులై 18
కొత్త బ్రోచర్‌కు మహిత ఫొటో కావాలట. సిగ్గుండాలి. చచ్చినా ఒప్పుకోనన్నాను. మహిత సరేనంది! క్లాసు మొత్తం తనతో ఉండాలట, తను మాత్రం పైకి రాదట. సరే, బెంచీలు దింపిస్తామన్నారు. దీనికి ఫొటో పిచ్చి ఎప్పుడు పట్టిందని దాని మీద అరిచాను.

జులై 23, మధ్యాహ్నం
మేడమ్ ఫోన్. నర్సరీ గది ఖాళీ చేయించి, తొమ్మిదో తరగతిని బెంచీలతో సహా దింపి ఫొటో తీశారట. తిరిగి పైకి పోదామంటే మహిత గుమ్మానికి అడ్డంగా వీల్‌చెయిర్ పెట్టి బ్రేకులు వేసిందట. వెంటనే వచ్చి పిల్లను పక్కకు జరపాలట. వెనక నుంచి దాని గొంతు వినబడింది, లెక్కల సార్‌తో.
"సార్, అందరం ఈడనే ఉన్నం కద. పాఠం చెప్పుండ్రి."
షాపులో జనం ఉన్నారు, సాయంత్రం వస్తానన్నాను. ఒక్కరూ లేరు.

జులై 24
రాత్రి బెంచీలన్నీ పైకి మోయించారట. పొద్దున క్లాసు పిల్లలే మళ్లీ దించుకున్నారు. మేడమ్ ఫోన్ చేస్తూనే ఉంది. చేసుకోనీ.