గాడిలో కర్రముక్క

అన్నయ్యా,

వెనక వరండాకు నువ్వు ముచ్చటపడి పెట్టించావే, పక్కకు జరిగే తలుపు, దానికి అడ్డం పెట్టించాను. గుణదలలో మన వీధిలోనే రెండిళ్లలో దొంగలు పడ్డారు. వడ్రంగి తలుపు జరిగే గాడిలో సరిపోయేలా టేకు కర్రముక్క కోసిచ్చాడు. "ఇది పెడితే ఏనుగొచ్చినా జరపలేదండీ" అన్నాడు.

తెల్లారి చూస్తే కర్ర గోడకు ఆనించి ఉంది. మర్నాడూ అంతే. తీసింది అమ్మే.

"ఏడాది నిండేదాకా వాడు ఇంటి చుట్టూనే తిరుగుతుంటాడే. అడ్డం పెడితే ఎట్టా వస్తాడు?" అంది.

కోపమొచ్చి నిన్న ఆ కర్రను మేకుతో బిగించేశాను.

ఇవాళ నీ సంవత్సరీకం. వాన వెలిసిన పెరట్లో, బురదలో, తలుపు దాకా అడుగులున్నాయి. అమ్మ వాటి పక్కనే కూలబడింది. "వచ్చి, తలుపు రాక వెళ్లిపోయాడే! ఆ మేకు పీకెయ్యి" అని ఒకటే ఏడుపు.

ఉయ్యూరులో చెరకుబండి కింద పడి నీ కుడికాలి బొటనవేలు పోయింది కదా. బురదలోని కుడి అడుగుకి ఐదు వేళ్లూ ఉన్నాయి. అమ్మకు చూపు ఆనదు. నేనింకా చెప్పలేదు.

వరండాలో అమ్మ మేకు పీకుతున్న చప్పుడవుతోంది.