రెండో సంతకం

తమ్ముడూ,

రిటైరయ్యాక మీరిద్దరూ ఈ దేశానికే వచ్చి స్థిరపడాలనుకుంటున్నట్టు రాశావు. ఖర్చులెంతవుతాయని అడిగావు. అద్దె చవక. డాక్టరు ఫీజూ చవకే. కిటికీ తెరిస్తే సముద్రం కనిపిస్తుంది. మీ బావ నీకు చెప్పినవన్నీ నిజమే.

చెప్పనిది ఒకటుంది. రిటైరయ్యే ముందు ఓ కాగితం తెచ్చి, "ఇక్కడ నువ్వూ సంతకం పెట్టు. నెలనెలా కాస్త ఎక్కువొస్తుంది" అన్నారు. అంట్లు తోముతున్నాను.

"ఏమిటండీ ఇది?"

"నీకర్థం కాదులే."

తడి చేతులు తుడుచుకుని పెట్టేశాను. ఆయన తర్వాత నాకు కంపెనీ పెన్షన్ అక్కర్లేదని ఒప్పుకున్న కాగితమట అది. ఆయన పోయిన నెలకు బ్యాంకు గుమస్తా చెబితే తెలిసింది.

ఇక్కడ ఉండాలంటే నెలకింత ఆదాయమని చూపించాలి. "మీకు ఆదాయమే లేదు కదమ్మా, రెండు నెలల్లో వెళ్ళిపోవాలి" అంది వీసా ఆఫీసులో అమ్మాయి, మర్యాదగానే. ఎక్కడికి వెళ్ళను? ఉన్న ఇల్లు అమ్ముకునే కదా వచ్చాం.

ఏడవాల్సిన రోజుల్లో ఆయన ఫోటో ముందు నిలబడి తిడుతున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేసి, మనసారా ఏడ్చే వీలు కూడా లేకుండా చేసి పోయారు.

మీ ఇంట్లో నాకో గది ఇవ్వగలవేమో రాయి. మొహమాటానికి ఒప్పుకోకు.

ఈ ఉత్తరం మరదలి చేత చదివించు. నువ్వు చదివించవేమోనని, ఇలాంటిదే ఇంకోటి తన పేరున విడిగా పోస్టు చేశాను.

మీ అక్క