నీలిమనుషులకు బదులు చెప్పాల్సింది నేనట

1993 మే 3, సోమవారం

మా ఆవిడ డొలీనా పక్షవాతం వచ్చి హాస్పిటల్లో ఉండి, ఇవాళ ఇంటికొచ్చింది. నడుస్తోంది. కుడిచెయ్యి సగం పనిచేస్తోంది. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేదంతా ఆవిడకి అర్థమవుతుంది, ఓపిక పట్టాలి అని మాట నేర్పే థెరపీ అమ్మాయి చెప్పింది. ఆవిడ పలికినవి రోజూ రాసిపెట్టమని ఈ నోట్‌బుక్ కూడా ఆ అమ్మాయే ఇచ్చింది.

ఇవాళ: ఏమీ లేదు.

మే 4

ఏమీ లేదు.

మే 11

ఏమీ లేదని రోజూ రాయడం నా వల్ల కాదు. నాకు తోచింది రాసుకుంటాను.

ముప్పయ్యొక్క ఏళ్లుగా ఆవిడ తిట్లు తింటున్నాను. టీ పలచనైతే ఒకటి, తాడు వదులైతే ఇంకొకటి. ఇవాళ కావాలనే టీ నీళ్లలా పెట్టి ఇచ్చాను. కిక్కురుమనకుండా తాగేసింది. గొర్రెల్ని చూసొస్తానని బయటికెళ్లి కాసేపు ఏడ్చాను.

మే 19

పడవ నీళ్లలోకి దించాను. పడవ ఆవిడది, వాళ్ల నాన్న ఇచ్చింది. స్కిప్పర్ కూడా ఆవిడే. నేను బుట్టలు లాగేవాణ్ని, మధ్యలో కక్కుకునేవాణ్ని. మా లెమ్రవే ఊరంతా నన్ను డొలీనా మొగుడనే పిలుస్తుంది, టర్మడ్ అని ఒక పేరున్నట్టు ఎవరికీ గుర్తులేదు. మా లాబ్‌స్టర్ బుట్టలు మార్చి నుంచీ మా ఊరికి, షియంట్ దీవులకి మధ్యనున్న జలసంధిలోనే పడున్నాయి. ఏమయ్యాయో చూద్దామని బయల్దేరాను.

డొలీనా రేవుదాకా వచ్చి తాడు పట్టుకుంది. వదల్లేదు. ఇంజన్ తగలేస్తానని భయం కాబోలు.

మే 20

మళ్లీ తాడు పట్టుకుంది. ఈసారి తన నోరు చూపించింది, సముద్రం చూపించింది, నా నోరు చూపించి తల అడ్డంగా ఊపింది. నేను కక్కుకుంటానని వెక్కిరిస్తోందనుకుని, మాత్ర వేసుకున్నానులే అన్నాను. తాడు కొసతో నా చేతిమీద ఒక్కటిచ్చింది.

మే 24

ఊరి ముందు నీళ్లలోనే తిరిగొస్తానంటే తాడు వదిలింది. జలసంధి అనగానే పట్టుకుంది. ఇంజన్ గొడవ కాదన్నమాట.

మే 27

పక్కింటి ఆలిక్ వచ్చాడు. బుట్టలకి అల్లిక వేస్తూ జరిగింది చెప్పాను. పడీపడీ నవ్వాడు. ఒరే మొద్దూ, దారిలో నీలిమనుషులు పడవ ఆపితే బదులెవడు చెప్తాడ్రా, నువ్వా? అన్నాడు.

నీలిమనుషులుండేది ఆ జలసంధి అడుగున. పడవ కనబడితే నీళ్లలోంచి నడుందాకా లేచి వాళ్ల పెద్ద సగం పద్యం విసురుతాడు. మిగతా సగం స్కిప్పర్ తిరిగి విసరాలి. తడబడితే పడవ అడుక్కే. ఇది మా ఊళ్లో పాలు తాగే పిల్లలక్కూడా తెలుసు. నేనే మర్చిపోయాను, ఎందుకంటే ఇన్నేళ్లూ ఆ పని ఆవిడది. ఇంజన్ తగ్గించి, నడుమ్మీద చేతులేసుకుని నిలబడి విసిరేది. పద్యాలంటే ఏముంది, చాలావరకు తిట్లే. సుడులు నెమ్మదించేవి, మేం సాగిపోయేవాళ్లం. వాళ్లు నాకెప్పుడూ కనబడలేదు, వినబడలేదు. ఆవిడకి వినబడేది.

సాయంత్రం వచ్చిన థెరపీ అమ్మాయికి ఇదంతా చెబితే, ఇవన్నీ నమ్ముతారా అని అడిగింది. ఆదివారం చర్చిలో కూర్చున్నప్పుడు నమ్మనమ్మా, జలసంధిలో మాత్రం ఎవరైనా నమ్ముతారు అన్నాను.

అంటే ఆవిడ బెంగ తన గురించి కాదు. నోట్లో నాలుక లేని ఈ మనిషిని ఒంటరిగా ఎలా పంపడమని. నాకిది బుర్రకెక్కడానికి వారంపైన పట్టింది.

జూన్ 2

యాభై తొమ్మిదేళ్ల వయసులో పద్యాలు కడుతున్నాను. మొదటిది:

నీ తలమీద పాచి,
నా పడవమీద గాలి.

డొలీనాకి వినిపించాను. గంజి చెంచాతో బల్లమీద ఠప్పున కొట్టింది.

జూన్ 9

ఎనిమిది పద్యాలు. ఎనిమిది చెంచా దెబ్బలు.

జూన్ 30

చెంచా పడలేదు! గంజి చల్లారేదాకా అలాగే నన్ను చూస్తూ కూర్చుంది. ఆ గర్వంతో పొలంలోకెళ్లి గొర్రెలక్కూడా వినిపించాను.

జూలై 21

థెరపీ అమ్మాయి కప్పు బొమ్మ, పిల్లి బొమ్మ ఉన్న కార్డులు తెచ్చింది. డొలీనా వాటిని పక్కకి తోసేసింది. ఆ అమ్మాయి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర, జబ్బు చేసి అయిదు నెలలవుతోంది, మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి అంది. మెల్లగానే అంది పాపం.

లాబ్‌స్టర్లు పోతే పోయాయి. నాకు ఆవిడ నోట ఒక్క మాట చాలు. తిట్టయినా సరే.

ఆగస్టు 18, బుధవారం, ఉదయం 6 గంటలు

ఇంట్లో లేదు. కంగారుగా రేవుకి పరిగెత్తాను. పడవలో కూర్చునుంది, రబ్బరు బూట్లేసుకుని. చక్రం దగ్గర కాదు, వెనక నా చోట్లో. కోటు కోసం ఇంటికొచ్చి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆగస్టు 18, సాయంత్రం

మొత్తం రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

దీవులు దగ్గరపడేదాకా నీళ్లు బాగానే ఉన్నాయి. తర్వాత ఎప్పటిలాగే ఆ చోట సముద్రం మరగడం మొదలైంది. ఒక పెద్ద అల గాల్లేకుండానే లేచింది. డొలీనా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నీలిమనుషులు అడిగారన్నమాట, ఆవిడకి వినబడింది. ఏమడిగారో నాకు తెలీదు, ఆవిడ చెప్పలేదు. ఇంజన్ తగ్గించాను. కట్టుకున్న పద్యాలన్నీ ఒక్కటి మిగలకుండా ఎగిరిపోయాయి. పడవ పక్కకి ఒరిగింది. నోరు తెరిచాను, లోపలున్నది బయటికొచ్చింది:

నీలి దొరా, నీటి దొరా, దారి వదులు కాస్త!
మా ఆవిడ గొంతు తెచ్చియ్, లేదా రోజూ వచ్చి…

అక్కడ ఆగిపోయాను. వచ్చి ఏం చేస్తానో నాకే తెలీదు. కొట్టలేను, ఏడవగలను, ఏడుపు ప్రాసకి సరిపోదు. నీళ్లు పడవ అంచు దాటి బూట్లలోకొచ్చాయి. అయిపోయిందనుకున్నాను. నా పిచ్చి వల్ల ఆవిడ కూడా పోతోందని అప్పుడు తెలిసొచ్చింది.

వెనకనుంచి ఒక బొంగురు గొంతు, చాలా చిరాగ్గా, తిట్టిపోస్తా అంది.

తిరిగి చూశాను. లేచి నిలబడి ఉంది, ఒక చెయ్యి నడుమ్మీద. ఎడంచెయ్యి. ముఖం ఎర్రగా ఉంది. ఇంత చిన్న మాట తట్టదా నీకు అన్నట్టు నన్నే చూస్తోంది. తర్వాత సముద్రం వైపు తిరిగి, ఇంకోసారి, ఇంకా గట్టిగా, తిట్టిపోస్తా అని అరిచింది.

అల దిగింది. నేను మాత్రం ఇంజన్ పెంచడం మర్చిపోయి ఆవిణ్ని పట్టుకుని ఏడుస్తూ నిలబడిపోయాను. పడవ దానంతటదే కొట్టుకుపోయి అవతల నెమ్మది నీళ్లలో పడింది.

బుట్టల్లో ఏమీ లేవు. ఇద్దరం ఉత్త చేతులతో ఇంటికొచ్చాం.

ఆగస్టు 22, ఆదివారం

పొద్దున్నే నన్ను పేరు పెట్టి పిలిచింది. అది నా పేరు కాదు, దానికి దగ్గరగా ఇంకేదో. వెంటనే పలికాను.