గేటు ముందు చోటు

తమ్ముడికి,

"మీ ఊళ్లో కారు పెట్టడానికి చోటే లేదక్కా, ఎలా రమ్మంటావు?" అని నిన్న ఫోన్ పెట్టేశావు. అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. చోటు లేకపోవడమేమిట్రా?

మామూలు రోజుల్లో రావద్దు. పక్క నగరంలో ఉద్యోగాలు చేసేవాళ్లంతా పొద్దున ఏడింటికే స్టేషన్ పార్కింగ్ నింపేసి రైలెక్కుతారు. బజారు వీధిలో రెండు గంటలు దాటితే చక్రానికి తాళం వేస్తారు. బడి ఎదుట అసలే వద్దు. శనివారం రా. ఆ రోజు స్టేషన్ దగ్గర ఎక్కడ చూసినా ఖాళీయే.

అయినా నువ్వు అక్కడ పెట్టనక్కర్లేదు. మన గేటు ముందే పెట్టు.

రెండేళ్ల కిందట అక్కడ పెట్టావనే కదా మీ బావ "నా చోట్లో ఎవరు పెట్టమన్నారు?" అని కసిరారు. నువ్వు వడ్డించిన కంచం వదిలేసి వెళ్లిపోయావు. నేనేమీ మరిచిపోలేదు. కానీ ఆర్నెల్లుగా ఆయన ప్రతి శనివారం పొద్దున్నే తన కారు తీసుకెళ్లి స్టేషన్లో పెట్టి, పావుగంట నడిచి ఇంటికి వస్తున్నారు. అడిగితే "నడక మంచిది" అనేవారు, నమ్మాను. మొన్న వానలో తడిసి ముద్దయి వచ్చారు.

"ఇంత వానలో కూడా ఎందుకండీ ఈ అవస్థ?" అన్నాను.

తల తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, "ఎవరైనా వస్తారేమో" అన్నారు.

కారేసుకుని మన ఇంటికి వచ్చేవాళ్లు నువ్వు కాక ఇంకెవరున్నారురా?

అక్క